నాకు సమాధానం లేదురా

“నాకు సమాధానం లేదురా,” అంది పెద్దమ్మ.

“దేనికి పెద్దమ్మా?” అన్నాను.

ముదినేపల్లిలో ఆమె ఇంటి వసారాలో గృహకూడిక అప్పుడే ముగిసింది. ఒకరు చాపలు చుడుతున్నారు, ఒకరు టీ గ్లాసులు కడుగుతున్నారు. అంతకుముందు గంటసేపు పాస్టరుగారు ఆమె అడిగిన ఒక్క ప్రశ్నకి బైబిల్లోంచి వాక్యం మీద వాక్యం తీసి చెప్పారు. చేపల లారీ మీద హౌరా వైపు వెళ్లిన చిన్నకొడుకు దారిలోనే పోయాడు. తల్లి ఉండగా వాడెందుకు పోవాలి? ఇదీ ప్రశ్న. యోబు గ్రంథం వచ్చింది, కీర్తనలు వచ్చాయి, రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయం వచ్చింది. ఆయన శ్రద్ధగానే చెప్పారు. ఆమె శ్రద్ధగానే విన్నది. కళ్లజోడు సర్దుకుని ప్రతి వచనమూ తన పుస్తకంలో తీసి చూసుకుంది కూడా. ఇంత జరిగాక సమాధానం లేదంటుందేమిటి?

ఆమె నా వంక జాలిగా చూసింది. “సమాధానం అంటే ఆయన చెప్పేదనుకున్నావా? ఇక్కడుండేది,” అని గుండె మీద చెయ్యి పెట్టుకుంది.

నేను బళ్లో తెలుగు చెప్పి బతికినవాణ్ణి. కింది ప్రశ్నలకు సమాధానాలు రాయమని ఎన్ని ప్రశ్నపత్రాల మీద రాశానో లెక్కలేదు. పెద్దమ్మ చెప్పిన అర్థం నాకు తెలియనిదేమీ కాదు. చిన్నప్పుడు సండే స్కూల్లో కంఠతా పట్టిన వాక్యాల్లో ఆ మాట ఎన్నోసార్లు పలికాను. బడి మాట వచ్చి గుడి మాటను కప్పేసింది, అంతే. ఆ రాత్రి గుడివాడ బస్సులో కూర్చుని, రోడ్డుకి రెండు వైపులా చెరువు గట్ల మీద వెలుగుతున్న దీపాలు చూస్తూ ఆ ఒక్క మాటనే తిప్పి తిప్పి చూసుకున్నాను. అప్పట్నుంచీ చూసుకుంటూనే ఉన్నాను.

కొల్లేటి ఊళ్లలో విశ్వాసులు ఈ మాటను రోజూ వాడతారు. “మనసుకి సమాధానం లేదండీ, ప్రార్థన చెయ్యండి.” “ఆ ఇంట్లో సమాధానం లేదు.” “వెళ్లొచ్చాక సమాధానంగా ఉంది.” వీటిలో ఎక్కడా ప్రశ్న లేదు, జవాబూ లేదు. శాంతి, నెమ్మది, కలత తీరడం: ఇదీ ఇక్కడి అర్థం. ఈ వాడుక తెలుగు బైబిలు పాత అనువాదం నుంచి వచ్చింది. హెబ్రీ భాషలో ‘షాలోమ్’, గ్రీకులో ‘ఐరేనే’ అన్న చోట్ల అనువాదకులు ఎక్కువగా ‘సమాధానము’ అనే రాశారు. యెషయా తొమ్మిదో అధ్యాయంలో పుట్టబోయే శిశువుకి ఇచ్చిన బిరుదుల్లో సమాధానకర్త ఒకటి. గిద్యోను కట్టిన బలిపీఠానికీ అదే పేరు. బేత్లెహేము పొలాల్లో దూతలు కోరింది సమాధానమే. కొండమీది ప్రసంగంలో ధన్యులన్న వారిలో సమాధానపరచేవారున్నారు. ఆరాధన చివర తల వంచుకుని అందుకునే ఆశీర్వాదం, సంఖ్యాకాండం ఆరో అధ్యాయంలోది, సమాధానంతోనే ముగుస్తుంది. కొల్లేరు చుట్టుపక్కల చదువు రాని ముసలమ్మకైనా ఈ మాటకు ఈ అర్థం తెలుసు. బడికి వెళ్లే ఆమె మనవరాలికి మాత్రం సమాధానం అంటే ప్రశ్న కింద రాసేది. ఒకే ఇంట్లో ఒకే మాట రెండు తరాల దగ్గర రెండు రకాలుగా కాపురం చేస్తోంది.

ఏది అసలు అర్థం? మాట ఎముకలు చూద్దాం. సమ్, ఆ అనే ఉపసర్గలు రెండు, ‘ధా’ అనే ధాతువు. ధా అంటే ఉంచడం, పెట్టడం. విడివిడిగా ఉన్నవాటిని చేర్చి, కుదురుగా ఒకచోట ఉంచడం సమాధానం. సంధి కూడా ఈ ఇంటి పిల్లే. వ్యాకరణంలో అచ్చుల్ని కలిపేదీ సంధే, యుద్ధం ఆపేదీ సంధే. కృష్ణుడు కౌరవసభకు రాయబారం వెళ్లింది ఆ రెండో సంధి కోసం. సమాధి మరో తోబుట్టువు. యోగికి అది చిత్తం కుదురుపడిన స్థితి, మనకు మనిషిని మట్టిలో కుదురుగా ఉంచిన చోటు. అద్వైత గ్రంథాల్లో సాధకుడికి కావలసిన శమదమాది ఆరు సంపదల్లో సమాధానం ఒకటి. అక్కడ దాని అర్థం మనసు ఒక్కచోట నిలవడం. శాస్త్రచర్చల్లో ఆక్షేపం వస్తుంది, దానికి సమాధానం చెబుతారు. పొసగని రెండు మాటల్ని పొసగేలా చేయడం అక్కడి పని. మన బడి సమాధానం ఆ శాస్త్రచర్చ నుంచి దిగివచ్చిందే.

తోటి భాషల్ని అడిగితే ఇంకో సంగతి తెలుస్తుంది. తమిళంలో, మలయాళంలో ఈ మాటకు నేటికీ శాంతి అనే అర్థం. మలయాళ పత్రికలు నోబెల్ శాంతి బహుమతిని సమాధాన బహుమతిగానే రాస్తాయి. కన్నడంలో ఊరట, నిదానం. మరాఠీలో తృప్తి. హిందీలో చిక్కుకి పరిష్కారం. దక్షిణాది నాలుగు పెద్ద భాషల్లో తెలుగు ఒక్కటే ఈ మాటను జవాబు వైపు ఇంత దూరం లాక్కుపోయింది. లాక్కుపోయినా తాడు పూర్తిగా తెంచలేదు. ‘సమాధానపడ్డారు’ అంటే తగువు తీరి కలిశారనే. ‘మనసుకి సమాధానం చెప్పుకున్నాడు’ అనే వాక్యంలో జవాబూ ఉంది, ఊరటా ఉంది, ఏది ఎంతో విడదీయలేం.

జవాబు అన్న అర్థానికి మనకు వేరే మాటలు లేకపోలేదు. జవాబు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా వచ్చింది. బదులు కూడా ఆ దారిదే. ఒకటి తీసుకుని ఒకటి ఇవ్వడం దాని పుట్టు అర్థం. అచ్చతెలుగులో మారుమాట ఉంది. ఉత్తరం ఉంది. పాత బైబిలు అనువాదంలో ఎవరైనా తిరిగి మాట్లాడితే ప్రత్యుత్తరం ఇస్తారు. ఇన్ని ఉండగా కొన్నిచోట్ల ఆ అనువాదకులు జవాబుకి కూడా సమాధానమనే రాశారు. నన్ను ఇన్నాళ్లు పట్టి ఉంచింది వాటిలో ఒక చోటు.

పేతురు మొదటి పత్రిక, మూడో అధ్యాయం, పదిహేనో వచనం. మీకున్న నిరీక్షణకు కారణమేమిటని ఎవరైనా అడిగితే, సాత్వికంతో, భయంతో సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమంటాడు పేతురు. విశ్వాసం గురించి అడిగినవారికి బైబిలు చూపి జవాబు చెప్పే ప్రతి బోధకుడికీ ఆధారం ఈ వచనమే. ఇక్కడి గ్రీకు మాట ‘అపోలోగియా’, కోర్టులో నిందితుడు తన తరఫున చెప్పుకునే మాట. అపొస్తలుల కార్యములు 22వ అధ్యాయంలో యెరూషలేములో తనను కొట్టిన జనం ముందు పౌలు చెప్పుకున్నది కూడా తెలుగులో సమాధానమే. ఇప్పుడు పేతురు పత్రికలో నాలుగు వచనాలు వెనక్కి వెళ్లండి. పదకొండో వచనంలో, మేలు చేయమనీ, సమాధానాన్ని వెదికి దాని వెంటపడమనీ ఉంది. అక్కడి గ్రీకు మాట ఐరేనే, శాంతి. గ్రీకు చదివేవాడికి ఇవి పొంతన లేని రెండు మాటలు. తెలుగు చదివేవాడికి ఒకే మాట, ఒకే పుటలో, నాలుగు వచనాల ఎడంలో. వెంటపడి వెదికేదీ సమాధానమే, అడిగినవాడికి చెప్పేదీ సమాధానమే.

అనువాదకులు తెలిసే ఇలా చేశారని నేననను. శ్రీరాంపూర్ ముద్రణాలయంలో 1812లో తెలుగు సువార్తలు, 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయ్యాయి. ఆ తరవాత ఎన్నో చేతులు ఆ వాక్యాలను దిద్దాయి. ఒకే గ్రీకు మాటకు అంతటా ఒకే తెలుగు మాట పెట్టాలన్న పట్టుదల కూడా వాళ్లకు ఉన్నట్టు లేదు. యోహాను 14వ అధ్యాయంలో యేసు శిష్యులకు ఇచ్చి వెళ్లేది శాంతి, 20వ అధ్యాయంలో తిరిగివచ్చి పలికేది సమాధానం. గ్రీకులో రెండూ ఒకటే. తెలిసి చేసినా తెలియక చేసినా తెలుగు పాఠకుడికి మాత్రం గ్రీకులో లేని ఒక ముడి దొరికింది.

ఆ ముడి విప్పే కొస క్రియల్లో ఉంది. జవాబు అనే అర్థంలో సమాధానాన్ని చెబుతాం, ఇస్తాం, రాస్తాం. చేసేవాడు ఒకడుంటాడు. శాంతి అనే అర్థంలో సమాధానం కలుగుతుంది, ఉంటుంది, వస్తుంది. అక్కడ చేసేవాడు కనబడడు, ‘నాకు’ అని నిలబడి ఎదురుచూసేవాడే కనబడతాడు. మొదటిది బోధకుడి చేతిలో ఉంది. రెండోది ఆయన చేతిలో లేదు. పెద్దమ్మ వసారాలో ఆ పూట జరిగింది ఇదే. సమాధానం చెప్పడమైంది, సమాధానం కలగలేదు.

ఈ ప్రాంతంలో విశ్వాసం మొదటినుంచీ ప్రశ్నల దారినే నడిచింది. బౌడెన్, బీర్ అనే మిషనరీ దంపతులు 1836లో వచ్చి నరసాపురం వైపు పని మొదలుపెట్టారు. 1841లో ఫాక్స్, నోబుల్ మచిలీపట్నంలో దిగారు. కానీ నేను ఎక్కువగా తలుచుకునేది కృష్ణా సీమలోని రాఘవాపురానికి చెందిన పగోలు వెంకయ్యని. 1859లో బెజవాడలో డార్లింగ్ అనే మిషనరీని కలిసేదాకా, దేవుడెవరు, ఎక్కడున్నాడు అన్న ప్రశ్న ఆయన్ని ఏళ్ల తరబడి వదల్లేదు. జవాబు చెప్పేవాళ్లు ఊరికి రాకముందే ప్రశ్న ఊళ్లో పుట్టి కాచుకుని ఉంది. తరవాత ఉపదేశులొచ్చారు, బైబిలు స్త్రీలొచ్చారు, ప్రశ్నోత్తరి వచ్చింది. లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి ప్రతి ఆజ్ఞ కిందా దీని అర్థమేమిటని అడిగి, జవాబు తానే ఇస్తుంది. బాప్తిస్మానికి ముందు ఇలాంటివి వప్పజెప్పడం ఎన్నో పల్లెల్లో మొదటి చదువు. అక్షరం రానివాళ్ల నోట ఒక వరస, ఒక పునాది అలా నిలిచాయి. ఆ మేలు చిన్నది కాదు. అయితే ముందే తయారై ఉన్న జవాబుకి సరిపోయే ప్రశ్నే అడగాలన్న అలవాటు కూడా దానితోపాటే వచ్చిందని నా అనుమానం.

నిత్యం వచ్చే ప్రశ్నలు అలా ఉండవు. ఫాల్గుణంలో కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు వెళ్లొచ్చిన చుట్టాలు ప్రసాదం తెస్తే తినాలా వద్దా? అత్తింటివాళ్లు పెళ్లికి ముహూర్తం పెట్టిస్తామంటే ఒప్పుకోవచ్చా? దశమభాగం ముందా, ఫైనాన్సువాడి అప్పు ముందా? ఆదివారం పొద్దున చెరువు పట్టుబడి పెట్టుకోవచ్చా? మంచినీళ్లు తాగినంత మామూలుగా అడిగే ఈ ప్రశ్నలకు ఒక్క వాక్యంతో అవుననో కాదనో తేల్చేవాళ్లున్నారు. కానీ పుస్తకం విప్పి చూస్తే బైబిలు అలా తేల్చదు.

ప్రసాదం ప్రశ్నే తీసుకోండి. కొరింథు సంఘం పౌలుకు ఉత్తరం రాసి అడిగిన ప్రశ్నలకు ఆయన రాసిన జాబే కొరింథీయుల మొదటి పత్రికలో చాలా భాగం. ఉత్తరానికి ఉత్తరం. విగ్రహాలకు అర్పించిన ఆహారం సంగతి ఎనిమిదో అధ్యాయంలో ఎత్తుకున్నాడు. ముందుగా జ్ఞానం మనిషిని ఉబ్బిస్తుందనీ, ప్రేమ కడుతుందనీ చెప్పాడు. విగ్రహం వట్టిదేనని ఒప్పుకున్నాడు. ఒప్పుకుని కూడా, నేను తినడం వల్ల పక్కవాడి మనస్సాక్షి దెబ్బతింటే ఇక మాంసమే ముట్టనన్నాడు. ఆహారం గురించి అడిగితే ఆయన పళ్లెంలోకి చూడలేదు, పక్కన కూర్చున్నవాడి మొహంలోకి చూశాడు. రోమా పత్రిక 14వ అధ్యాయం మరీ దగ్గరిది. ఒకడు అన్నీ తింటాడు, ఒకడు కూరగాయలే తింటాడు. ఒకడు ఒక రోజును గొప్పగా ఎంచుతాడు, ఒకడికి అన్ని రోజులూ సమానమే. ముహూర్తం గొడవ మన ఊరిదే అనుకునేవాళ్లు ఒకసారి ఆ అధ్యాయం చదవాలి. తినేవాడు తిననివాణ్ణి తృణీకరించకూడదు, తిననివాడు తినేవాడికి తీర్పు తీర్చకూడదు అంటూ వెళ్లి వెళ్లి పౌలు ఎక్కడ ఆగాడో చూడండి. పదిహేడో వచనంలో దేవుని రాజ్యం తిండిలో లేదనీ నీతి, సమాధానం, ఆనందం అనే మూటిలో ఉందనీ అంటాడు. పంతొమ్మిదో వచనంలో సమాధానాన్ని కలిగించేవాటినే పట్టుకోమంటాడు. ప్రశ్నకు సమాధానం ‘సమాధానం’. తెలుగులో చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది.

ఆదివారం పట్టుబడి సంగతి చేపల రైతులందరికీ ఎదురయ్యేదే. మబ్బు పట్టిన రోజుల్లో తెల్లారుజామున నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. శీలావతి, బొచ్చె చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. ఆరాధనకు గంట కొట్టారని గట్టు మీంచి వెళ్లిపోవడం సాధ్యమా? విశ్రాంతి దినాన్ని గురించి నిలదీసినవాళ్లను యేసు తిరిగి ఒక ప్రశ్న అడిగాడు: మీలో ఎవడి గొర్రె అయినా గుంటలో పడితే ఆ రోజున పైకి తీయడా? మత్తయి 12లో గొర్రె, లూకా 14లో ఎద్దు. ముదినేపల్లిలో అయితే చేప. రేటు బాగుందని ఆదివారమే కావాలని వల వేయించడం వేరే సంగతి. ఆ తేడా బోధకుడు చెప్పనక్కర్లేదు, గట్టు మీద నిలబడ్డవాడికి లోపల తెలుసు.

ఈ మాటతో ఒక అపాయం కూడా ఉంది, దాన్ని దాటేసి పోలేను. తాగివచ్చి కొట్టే మొగుడి గురించి చెప్పుకున్న ఆడమనిషికి ‘సమాధానపడు తల్లీ’ అని చెప్పి పంపడం నేను విన్నాను. కట్నం కోసం వేధిస్తున్నా అదే మాట. అక్కడ ఆ మాటకు నోరు మూసుకొమ్మనే అర్థం. యిర్మీయా ఆరో అధ్యాయంలో దీనికే మండిపడ్డాడు. సమాధానం లేనప్పుడు సమాధానం, సమాధానం అంటూ జనం గాయాన్ని పైపైన మాత్రమే మాన్పేవాళ్లను ఆయన క్షమించలేదు. హెబ్రీలో అది షాలోమ్. ఆ మాటకు చుట్టమైన క్రియ ఒకటుంది, నష్టపరిహారం చెల్లించడం, బాకీ పూర్తిగా తీర్చడం అని దాని అర్థం. నిర్గమకాండం 22లో దొంగ కట్టాల్సిన పరిహారానికి వాడింది అదే. బాకీ తీరకుండా షాలోమ్ లేదు. యిర్మీయా మాటను మన బడి అర్థంతో చదివినా సరిగ్గా తగులుతుంది: జవాబు లేనిచోట జవాబు ఉందన్నట్టు వాక్యాలు వప్పజెప్పేవాళ్లకు.

కొల్లేటి మనిషికి గలిలయ కథలు పరాయివి కావు. పాత అనువాదంలో పేతురుదీ యాకోబుదీ పడవ ‘దోనె’. తాటిదోనె ఎక్కినవాడికి ఆ ఒక్క మాటతో సరస్సు కళ్లకు కడుతుంది. మార్కు నాలుగో అధ్యాయంలో తుపాను లేచి దోనె నిండిపోతుంటే శిష్యులు, మేం మునిగిపోతున్నా నీకు పట్టదా అని యేసునే అడిగారు. పెద్దమ్మ ప్రశ్న అదే. ఆయన లేచి ముందు వాళ్లతో ఏమీ అనలేదు, గాలితో మాట్లాడాడు. నీళ్లు నిమ్మళమయ్యాయి. పాత అనువాదం ఇక్కడ పెట్టిన మాట నిమ్మళమే, ఎంత చక్కని తెలుగు మాట! వాళ్లను ఆయన ఎదురు ప్రశ్న అడిగింది ఆ తరవాతే. సంగతి వినకముందే బదులిచ్చేవాడిది మూఢత అన్న సామెతల గ్రంథం, 18వ అధ్యాయం, ఆ దోనెలో ఉన్నవాడికి బాగా తెలుసనిపిస్తుంది.

వాడుక భాషలో వచ్చిన కొత్త అనువాదాల్లో చాలాచోట్ల సమాధానం పోయి శాంతి వచ్చింది. బడి పిల్లలకు అర్థం కావాలి కాబట్టి తప్పనను. కానీ యోహాను 20వ అధ్యాయాన్ని మాత్రం పాత మాటతోనే చదవమని నా మనవి. ఆ అధ్యాయం ఇంకా చీకటి ఉండగా సమాధి దగ్గర మొదలవుతుంది. తలుపులు వేసుకున్న గదిలో యేసు వచ్చి నిలబడి సమాధానం పలుకుతాడు, మళ్లీ పలుకుతాడు. తోమా అప్పుడు లేడు. వచ్చాక, గాయాల్లో వేలు పెట్టి చూస్తే తప్ప నమ్మనన్నాడు. ఎనిమిది రోజులు ఆ ప్రశ్న ఆ గదిలోనే ఉంది. మిగతావాళ్లు తోమాను బయటికి పంపలేదు, అతను వాళ్లను విడిచిపోలేదు. ఎనిమిదో నాడు యేసు మళ్లీ వచ్చి, గాయాలు చూపకముందు, తోమాతో ఒక్క మాటైనా అనకముందు, ముందుగా పలికింది సమాధానమే. వేలు చాచమనడం ఆ తరవాత.

మొన్న ఈస్టరుకి ముదినేపల్లి వెళ్లాను. తెల్లవారుజామున సమాధుల దగ్గరికి పెద్దమ్మ వెంట నడిచాను. కొడుకు సమాధికి ముందురోజే సున్నం వేయించింది. బంతిపూల దండ పరిచి, గాలికి ఆరిపోతున్న కొవ్వొత్తిని చేతులు అడ్డం పెట్టి మళ్లీ మళ్లీ వెలిగించింది. పాస్టరుగారు ఆ అధ్యాయమే చదివారు. ఈసారి వివరించలేదు, చదివి ఆమె పక్కన అలాగే నిలబడ్డారు.

తిరిగివస్తుంటే గట్టు మీద అడిగాను. “ఎలా ఉంది పెద్దమ్మా?”

“కాస్త నిమ్మళంగా ఉందిరా,” అంది. నాలుగడుగులు వేశాక, “అడిగేది ఇంకా ఉంది,” అంది.